ఇంటి చదువు నడిచే ఇంట్లో వంట: ఏ పద్ధతి ఏ కుటుంబానికి కుదురుతుంది?

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించాలని నిర్ణయించుకున్న తల్లిదండ్రులు ఏ పుస్తకాలు వాడాలో, పదో తరగతి పరీక్షను జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా రాయించాలో, రాష్ట్ర ఓపెన్ స్కూల్ ద్వారా రాయించాలో నెలల తరబడి ఆలోచిస్తారు. మధ్యాహ్నం పన్నెండున్నరకు కంచంలోకి ఏమి రావాలి, దాన్ని ఎవరు, ఎప్పుడు వండాలి అన్న ప్రశ్న మాత్రం చదువు మొదలుపెట్టిన తరువాతే ఎదురవుతుంది. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. మొదటి వారంలో ఒక రోజు పదకొండుంబావుకు పెద్దమ్మాయి మూడంకెల భాగహారంలో శేషం దగ్గర ఆగిపోయి, పెన్సిలు పైకెత్తి నా వైపు చూస్తోంది. సరిగ్గా అప్పుడే కుక్కరు మూడో విజిల్ వేసింది. లేచి వెళ్లి స్టవ్ కట్టేశాను; ఎలాగూ వచ్చాను కదా అని బీరకాయల చెక్కు తీసి, ముక్కలు కోసి, పోపు కూడా పెట్టాను. తిరిగి వచ్చేసరికి ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి. అమ్మాయి నోటుపుస్తకం మూసేసి తమ్ముడితో ఆటలో పడింది. ఆ రోజు లెక్క పూర్తి కాలేదు, కంగారులో పోపు కూడా మాడింది.

బడికి వెళ్లే పిల్లలున్న ఇంట్లో ఉదయం ఎనిమిదింటికి క్యారియర్ సర్ది పంపితే సాయంత్రం వరకు వంటింటికి విరామం దొరుకుతుంది. ఇంటి చదువులో ఆ విరామం లేదు. మూడు పూటల భోజనం, రెండు పూటల చిరుతిండి, వారానికి ఏడు రోజులు లెక్క వేసుకుంటే వారంలో ముప్ఫై అయిదు సార్లు పిల్లలకు ఏదో ఒకటి పెట్టాల్సి ఉంటుంది. అన్నింటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, చాలా ఇళ్లలో పాఠం చెప్పేదీ, వంట చేసేదీ ఒక్కరే. అందుకే కుటుంబ భోజనాల ప్రణాళికకు మామూలుగా ఇచ్చే సలహాలు ఈ ఇళ్లకు అలాగే వర్తించవు. ఇక్కడ నేను పోల్చి చూపుతున్న పద్ధతులన్నీ తెలుగు ఇళ్లలో నిజంగా నడిచేవే. వాటిలో కొన్నింటిని మేము ఏడాదికి పైగా పాటించాం, కొన్నింటిని నెలలోనే మానుకున్నాం.

దేనితో కొలవాలి?

రుచి, ఖర్చు, పోషణ అనే మూడూ ముఖ్యమే. అయితే ఇంటి చదువు నడిచే ఇంట్లో వాటికన్నా ముందు చూడవలసినది మరొకటి ఉంది. పాఠాలు చెప్పే వేళలో, అంటే ఎక్కువ ఇళ్లలో ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు, ఆ పద్ధతి మిమ్మల్ని ఎన్ని నిమిషాలు పొయ్యి దగ్గర నిలబెడుతుంది? ఆ మూడు గంటల్లోనే పిల్లల బుర్ర చురుగ్గా ఉంటుంది. లెక్కలైనా, కొత్త భాషైనా, వ్యాకరణమైనా అప్పుడే ఎక్కుతుంది. నిలబడి చేయవలసిన వంట ఆ వేళలో పది నిమిషాలు మించితే, ఆ పద్ధతి ఎంత రుచికరమైనా, ఎంత చవకైనా మీకు నష్టమే చేస్తుందని నా గట్టి అభిప్రాయం. కాబట్టి ముందు పాఠాల వేళ ఖరారు చేసుకొని, ఆ తరువాతే వంట పద్ధతిని ఎంచుకోవాలి. మేము దీన్ని తలకిందులుగా చేసి మూడు నెలలు పోగొట్టుకున్నాం.

పరిమాణం విషయంలో అంచనాలతో సరిపెట్టుకోకుండా ఆధారపడదగిన కొలత ఒకటి ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి కేంద్రం నిర్దేశించిన ప్రమాణం ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు ఒక పూట 100 గ్రాముల బియ్యం లేదా గోధుమలు, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఉండాలి. దాని నుంచి 450 కిలో క్యాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ప్రాథమికోన్నత తరగతుల వారికి 150 గ్రాముల ధాన్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. అంటే 700 కిలో క్యాలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. మీ ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లవాడు, పన్నెండేళ్ల అమ్మాయి ఉంటే ఇద్దరికీ కలిపి మధ్యాహ్నానికి పచ్చి లెక్కన పావు కిలో బియ్యం, 50 గ్రాముల కందిపప్పు, 125 గ్రాముల కూరగాయలు కావాలన్నమాట. ఒకసారి వంటింటి తూకంలో కొలిచి చూడండి. మా ఇంట్లో అన్నం ఈ లెక్కకు మించి, పప్పు ఈ లెక్కకు సగమే ఉన్నట్లు తేలింది. చారు పోసుకొని అన్నం ఎక్కువగా తినే ఇళ్లలో ఇది సహజంగా జరిగే పొరపాటు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఈ భోజనానికి తోడు గుడ్డు, పల్లీ చిక్కీ, రాగిజావ కూడా ఇస్తారు. బడికి పంపకపోతే ఆ వంతు కూడా మనమే సమకూర్చాలి.

ఏ పూటకు ఆ పూట వండడం

వేడివేడిగా, తాజాగా, మిగలకుండా తినాలనుకునేవారికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. పిల్లలు ఏది తింటామంటే అది చేసి పెట్టే వీలుంటుంది, మిగిలిపోయిన పదార్థం పారబోయవలసిన పని ఉండదు, ఫ్రిజ్ మీద ఆధారపడవలసిన పనీ ఉండదు. అయితే ఈ పద్ధతి ఇంట్లో రెండో మనిషి ఉన్నప్పుడే నిలబడుతుంది. అమ్మమ్మో, నాయనమ్మో, మేనత్తో మధ్యాహ్నం వంట పూర్తిగా తమ చేతుల్లోకి తీసుకుంటే పాఠానికి ఏ ఇబ్బందీ రాదు. ఒక్కరే ఉన్న ఇంట్లో ఈ పద్ధతిని ఎంచుకుంటే పదిన్నర దాటిన దగ్గర నుంచి మనసు వంటింటి మీదే ఉంటుంది. పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు. మనం తొందరపడుతున్న కొద్దీ వాళ్లు తప్పులు చేస్తారు, ఆ తప్పులకు మనం విసుక్కుంటాం.

పెద్దవాళ్లు వంట చేసే ఇళ్లకు ఒక్క మాట. వారి వయసును, మోకాళ్లను దృష్టిలో పెట్టుకోండి. ముందు రోజు రాత్రే కూరగాయలు కోసి పెట్టి, పొద్దున్నే కొబ్బరి తురిమి ఇస్తే, మధ్యాహ్నం వారు నిలబడే సమయం సగానికి తగ్గుతుంది.

పొద్దున్నే ఒక్కసారి వండి పెట్టుకోవడం

మన ఇళ్లకు తరతరాలుగా అలవాటైన పద్ధతి ఇదే. తెల్లవారుజామున లేచి, పప్పు, కూర, చారు చేసి పెట్టేస్తే మధ్యాహ్నానికీ, రాత్రికీ సరిపోతుంది. ఆరింటికి మొదలుపెడితే ఏడుంబావు, ఏడున్నరకే టిఫిన్‌తో సహా పని పూర్తవుతుంది. కుక్కరులో రెండు గిన్నెలు పెట్టి అడుగున కందిపప్పు, పైన బంగాళాదుంపలో, కందముక్కలో ఉడికిస్తే ఒకే మంట మీద రెండు వంటకాలకు ఆధారం దొరుకుతుంది. కుక్కరు లోపల నీరు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి కందిపప్పు పావుగంటలో మెత్తబడుతుంది. మామూలు గిన్నెలో దానికి ముప్పావుగంట పట్టవచ్చు.

ఈ పద్ధతిలో జాగ్రత్త అంతా నిల్వ దగ్గరే ఉంది. విజయవాడలోనో, రామగుండంలోనో మే నెల ఎండకు పొద్దున వండిన పప్పు సాయంత్రానికి పులిసిపోతుంది. వండిన అన్నాన్ని గది వేడిలో గంటల తరబడి ఉంచడం ఇంకా ప్రమాదం. బియ్యంలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చటి అన్నంలో అవి మళ్లీ పెరిగి వాంతులకు, విరేచనాలకు కారణమవుతాయి. అందుకే మేము ఈ పద్ధతిని కొద్దిగా మార్చుకున్నాం. పప్పు, కూర, చారు పొద్దున వండి, అన్నాన్ని మాత్రం పదకొండున్నరకు ఎలక్ట్రిక్ కుక్కరులో పెడతాం. బియ్యం ముందే కడిగి నానబెట్టి ఉంటాయి కాబట్టి మీట నొక్కడానికి అర నిమిషం చాలు. దాని దగ్గర ఎవరూ నిలబడనక్కర్లేదు. ఆ మీట నొక్కే పని మా చిన్నవాడిది. గడియారం చూడడం వాడికి నేను పాఠంగా నేర్పలేదు, ఆ పని నేర్పింది.

ఏది మధ్యాహ్నానికి, ఏది రాత్రికి అన్న విభజన కూడా ముఖ్యమే. ఆకుకూర వేసిన పప్పు, కొబ్బరి పచ్చడి, పాలు పోసి వండిన సొరకాయ వంటివి మధ్యాహ్నమే పూర్తి కావాలి. చింతపండు పడిన పులుసు, దోసావకాయ, వేయించిన కాకరకాయ రాత్రి వరకు నిలుస్తాయి. పులిహోర అయితే చెప్పనక్కరే లేదు. రాత్రికి ఉంచదలచిన పప్పును మధ్యాహ్నం భోజనానికి ముందే వేరే గిన్నెలోకి తీసి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. అందరూ గరిటె పెట్టి వడ్డించుకున్న తరువాత మిగిలిన పప్పు, ముందే తీసి పెట్టిన పప్పు అంత బాగుండదు. ఒక్కరే వండి, ఒక్కరే పాఠం చెప్పే ఇళ్లలో చాలా వాటికి ఈ పద్ధతే సరిపోతుందని నేను నమ్ముతున్నాను. దీనికి చెల్లించే మూల్యం పొద్దుటి నిద్ర. పసిబిడ్డ ఉన్న తల్లి, రాత్రి షిఫ్టులో పని చేసే తండ్రి ఈ మూల్యం చెల్లించలేరు, చెల్లించమని వారిని అడగకూడదు కూడా.

ఆదివారం ముందస్తు తయారీ

వారానికి సరిపడా పని ఆదివారం రెండు గంటల్లో చేసి పెట్టుకునే ఈ పద్ధతిలో నిజానికి రెండు భిన్నమైన దారులు ఉన్నాయి. వాటిని ఒకటిగా చూడడం వల్లనే చాలామంది దీన్ని మొదలుపెట్టి మానేస్తారు. మొదటి దారి, వంటకాలనే పూర్తిగా వండి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, రోజూ కొంత తీసి వేడి చేసుకోవడం. రెండో దారి, వంటకాలకు కావలసిన భాగాలను మాత్రం సిద్ధం చేసి పెట్టుకోవడం.

మొదటి దారి మన వంటకు అంతగా పొసగదు. రాజ్మా, చోలే, మాంసం కూర, చింతపండు గుజ్జు వంటివి గడ్డకట్టించినా బాగుంటాయి గానీ, వంకాయ కూర, బెండకాయ వేపుడు, పెరుగు పచ్చడి కరిగిన తరువాత నీరుకారిపోతాయి. కరెంటు ఎక్కువగా పోయే ఊళ్లలో ఇది భద్రమైన ఏర్పాటు కూడా కాదు. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల సంగతి వేరు. అక్కడ మొత్తం యాభై రాష్ట్రాల్లోనూ ఇంటి చదువుకు చట్టం అనుమతి ఉంది, ఫ్రీజర్ పెద్దది, వంటింట్లో సాయానికి మనిషి దొరకడం కష్టం. కాబట్టి వారికి ఈ దారి అక్కరకు వస్తుంది. చలికాలంలో అక్కడ ఇడ్లీ పిండి పులియడానికి ఓవెన్‌లో లైటు మాత్రం వేసి రాత్రంతా ఉంచుతారు. పులిసిన పిండిలో కొంత ఫ్రీజర్‌లో దాచుకుంటారు.

రెండో దారి మాత్రం ఇక్కడి ఇళ్లకు చక్కగా కుదురుతుంది. ఆదివారం సాయంత్రం ఒక వంతు మినపప్పుకు రెండు వంతుల ఇడ్లీ రవ్వ చొప్పున పిండి రుబ్బి పెడితే బుధవారం వరకు టిఫిన్ గురించి చూసుకోనక్కర్లేదు: మొదటి రెండు రోజులు ఇడ్లీ, మూడో రోజు అదే పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి వేసి ఊతప్పం. వేసవిలో ఈ పిండి ఎనిమిది గంటల్లోపే పొంగుతుంది, డిసెంబరులో పన్నెండు గంటలకు పైగా పడుతుంది. చింతపండును నానబెట్టి గుజ్జు తీసి, ఉప్పు, పసుపు వేసి చిక్కగా ఉడికించి సీసాలో పెడితే వారమంతా చారుకూ, పులుసుకూ చేతికి అందుతుంది. అల్లం వెల్లుల్లి ముద్ద, కొబ్బరి తురుము, వేయించిన పల్లీలు కూడా అంతే. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, మునగాకు పొడి వీటిలో ఏ రెండైనా డబ్బాల్లో ఉంటే వంట కుదరని రోజున వేడి అన్నం, పొడి, నెయ్యి, పెరుగుతో భోజనం అయిపోతుంది. ఆ భోజనాన్ని లోటుగా భావించనక్కర్లేదు. ఉడికించిన గుడ్డో, గుగ్గిళ్లో పక్కన పెడితే అది నిండు భోజనమే.

కూరగాయలు ముందే కోసి పెట్టుకునేటప్పుడు మాత్రం ఎంపిక చేసుకోవాలి. గోరుచిక్కుళ్లు, బీన్స్, క్యారెట్, దొండకాయ ముక్కలు తడి లేకుండా మూత డబ్బాలో పెడితే రెండు మూడు రోజులు బాగుంటాయి. వంకాయ నల్లబడుతుంది, బెండకాయ జిగురెక్కుతుంది, ఆలు నీళ్లలో ఉంచితే తప్ప రంగు మారుతుంది. ఆకుకూరలను ముందే తరగకూడదు. కాడలు తుంచి, కడగకుండా, పొడి గుడ్డలో చుట్టి పెట్టుకొని వండే రోజున కడిగి తరగాలి. తరిగిన ఆకులో విటమిన్ సి త్వరగా పోతుంది, ఆ విటమినే ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడేది. పాలకూర పప్పులో చివరగా నిమ్మకాయ పిండే అలవాటు ఉన్న ఇళ్లు ఆ నష్టాన్ని కొంత పూడ్చుకుంటాయి.

ఈ దారిలో కష్టం ఒక్కటే: ఆదివారం పోతుంది. అందరికీ సెలవైన రోజున ఒక్కరే రెండు గంటలు వంటింట్లో ఉంటే ఆ ఏర్పాటు రెండు నెలలకు మించి సాగదు. ఇంట్లో మగవాళ్లు కూడా కత్తిపీట ముందు కూర్చుంటే, కనీసం గ్రైండర్ కడిగే పనైనా తీసుకుంటే, అప్పుడు సాగుతుంది.

వంటమనిషి, కర్రీ పాయింట్

ఆదాయం అనుమతిస్తే పొద్దున గంటన్నర వచ్చి వండి వెళ్లే మనిషిని పెట్టుకోవడం తప్పు కాదు. వంటకు ఇచ్చే జీతాన్ని బడి ఫీజుతో పోల్చి చూసుకుంటే చాలా నగర కుటుంబాలకు అది భరించదగినదిగానే కనిపిస్తుంది. ఆమె రాని రోజున ఏం చేయాలో మాత్రం ముందే అనుకొని ఉండాలి. కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకొని ఇంట్లో అన్నం పెట్టుకోవడం హైదరాబాద్‌లో, విశాఖలో మామూలైపోయింది. దాన్ని నెలకు మూడు నాలుగు రోజుల ఆసరాగా చూడండి. పెద్దలకు సరిపడే కారం, ఉప్పు, నూనె ఎదిగే పిల్లలకు రోజూ తగవు. పైగా ప్యాకెట్‌లో పప్పు పలచగా, నూనె చిక్కగా ఉంటుంది. ఈ పద్ధతి గురించి ఇంతకు మించి చెప్పవలసినది లేదు.

వంటనే పాఠం చేయడం

ఇంటి చదువుకు మాత్రమే సాధ్యమైన పద్ధతి ఇది. వంటింట్లో చెప్పగలిగినంత గణితం, విజ్ఞానం, చరిత్ర మరే గదిలోనూ చెప్పలేం. మా అత్తయ్యగారి పాత కొలపాత్రలు ఒక సెట్టు ఇంట్లో ఉన్నాయి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. భిన్నాలు అర్థం కాక ఏడ్చిన పిల్ల ముందు గిద్దనూ, సోలనూ పెట్టి బియ్యం పోయించాను. గిద్ద అంటే సోలలో నాలుగో వంతు అని నేను చెప్పలేదు, నాలుగు సార్లు పోసి తనే చెప్పింది. కుంచంలో ఎన్ని గిద్దలు అని అడిగితే వేళ్ల మీద గుణించుకుంటూ పోయి అరవై నాలుగు దగ్గర ఆగింది. ఆ తరువాత దోశ పిండికి ఒకటికి మూడు నిష్పత్తిని అతిథులు వచ్చిన రోజున రెట్టింపు చేయమంటే కాగితం అడగలేదు.

పాలు తోడు పెట్టడంలో ఒక చక్కటి ప్రయోగం ఉంది. గోరువెచ్చటి పాలను మూడు గిన్నెల్లో పోసి, ఒకే పరిమాణంలో తోడు వేసి, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి గదిలో, ఒకటి దుప్పటి చుట్టి పెట్టించండి. ఉదయానికి మూడూ మూడు రకాలుగా ఉంటాయి. బాక్టీరియాకు వెచ్చదనం ఎందుకు కావాలో వేరే చెప్పనక్కర్లేదు. ఇడ్లీ పిండి పొంగడానికి కారణమైన సూక్ష్మజీవులు బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తాయని చెప్పి, పిండి గిన్నె పక్కన పొంగకముందు, పొంగిన తరువాత గీతలు గీయించవచ్చు. ఆవకాయ పెట్టే రోజున మిరపకాయ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చిందని, అంతకుముందు మన కారం అంటే ముఖ్యంగా మిరియాలు, పిప్పళ్లేనని చెబితే పిల్లలు ముందు నమ్మరు. ఆ తరువాత ప్రపంచ పటం తెచ్చుకుంటారు.

అయితే దీన్ని సమయం ఆదా చేసే పద్ధతిగా ఎవరైనా చెబితే నమ్మకండి. పిల్లలతో కలిసి చేసే ఉప్మాకు మీరొక్కరే చేసే ఉప్మాకు పట్టే సమయానికి రెట్టింపు పడుతుంది. కాబట్టి రోజువారీ వంటగా కాకుండా, వారంలో ఒకటో రెండో పూటలు పాఠంగానే పెట్టుకోవాలి; ఆ రోజు వేరే విజ్ఞాన పాఠం ఉండకూడదు. ఆరేళ్ల పిల్లలు గోంగూర ఆకు తుంచగలరు, బఠాణీలు ఒలవగలరు. తొమ్మిదేళ్లకు బియ్యం కడగడం, చపాతీ ఒత్తడం వస్తుంది. పోపు మాత్రం పదకొండు, పన్నెండేళ్లు దాటిన తరువాత, పెద్దవాళ్లు పక్కన నిలబడి ఉన్నప్పుడే. ఆవాలు చిటపటలాడి ఎగిరే ఆ కొన్ని క్షణాల్లో పిల్లలు వెనక్కి జరగడం నేర్చుకోవాలి. ఆడపిల్లలకే ఈ పాఠం అనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మగపిల్లవాడికీ అదే వయసులో అదే పని ఇవ్వాలని నేను పట్టుబడతాను.

చిరుతిండి: ఎప్పుడూ అందుబాటులోనా, వేళ ప్రకారమా?

ఇంట్లో ఉండే పిల్లలు పాఠం కష్టమైనప్పుడల్లా ఆకలి అంటారు. అది అబద్ధం కాదు. అలసటకూ, ఆకలికీ తేడా వాళ్లకు తెలియదు. చిరుతిళ్ల డబ్బా ఎప్పుడూ తెరిచి ఉంచే పద్ధతిలో పోరు తక్కువే గానీ మధ్యాహ్నం అన్నం దగ్గర సగం కంచం మిగులుతుంది. వేళ ప్రకారం పెట్టే పద్ధతే మేలని మా అనుభవం. పదిన్నరకు ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి. వేళ కాని వేళలో నిజంగా ఆకలి వేస్తే మంచినీళ్లు, మజ్జిగ, అరటిపండు మాత్రం ఎవరినీ అడగకుండా తీసుకోవచ్చు. పదిన్నర చిరుతిండి పొయ్యి ముట్టించనిదై ఉండాలి: జామకాయ, పల్లీ పట్టీ, సున్నుండ, ముందు రోజు ఉడికించిన శనగలు. నాలుగున్నరకు రాగిజావ పెట్టుకోవచ్చు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలు తాగనని మారాం చేసే పిల్లలకు ఇది పెద్ద ఆసరా. పెద్దలతో పాటు పిల్లలకూ భోజనం కాగానే టీ ఇచ్చే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. భోజనానికి గంట ముందూ, గంట తరువాతా టీ, కాఫీలు తాగవద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది, ఎందుకంటే వాటిలోని ట్యానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

ఎవరికి ఏది?

వారపు పట్టిక ఏ పద్ధతికైనా అవసరమే. అయితే వంటకం పేరు రాయడం కన్నా వంటకం తరహా రాయడం మంచిది. సోమవారం ఆకుకూర పప్పు అని రాసుకుంటే, సంతలో తోటకూర దొరికినా, చుక్కకూర దొరికినా పట్టిక చెడదు. మంగళవారం పులుసు, బుధవారం గుడ్డు లేదా శనగలు, గురువారం రొట్టె, శుక్రవారం సాంబారు, శనివారం కలిపిన అన్నం. ఇంతకన్నా వివరంగా రాసుకున్న పట్టికలు మా ఇంట్లో రెండో వారం దాటలేదు.

ఒక్కరే పాఠం చెప్పి, ఒక్కరే వండే ఇంట్లో, పొద్దున్నే లేవగలిగితే, ఉదయం వంటను ఎంచుకొని దానికి ఆదివారం రుబ్బే పిండినీ, చింతపండు గుజ్జునూ తోడు చేసుకోండి. పసిబిడ్డ ఉండి తెల్లవారుజామున లేవలేకపోతే పాఠాలనే మధ్యాహ్నం రెండు గంటలకు జరపండి. ఇంటి చదువులో బడి గంట లేదు కదా. అప్పుడు ఏ పూటకు ఆ పూట వండినా నష్టం లేదు, కాకపోతే అన్నం తిన్న వెంటనే మగత వస్తుంది కాబట్టి ఆ రోజుల్లో మధ్యాహ్న భోజనం తేలికగా ఉంచి, పెద్ద భోజనాన్ని రాత్రికి మార్చాలి. తల్లిదండ్రులిద్దరూ ఇంటి నుంచి ఉద్యోగం చేస్తుంటే, పిల్లలు పదేళ్లు దాటినవారైతే, వంటమనిషి మీద పెట్టే ఖర్చుకు వెనుకాడకండి. పెద్దవాళ్లు కలిసి ఉన్న ఇల్లు అదృష్టం చేసుకున్నది. అక్కడ తాజా వంటే సరైనది. వంట పాఠం మాత్రం అన్ని ఇళ్లకూ, వారానికి ఒక్క పూటైనా ఉండాలి.

ఎంచుకున్న పద్ధతిని రెండు వారాలు మార్చకుండా పాటించి, ఒక నోటుపుస్తకంలో రోజుకు మూడు గడులు నింపండి: తొమ్మిది నుంచి పన్నెండు లోపు పొయ్యి దగ్గర నిలబడిన నిమిషాలు, రాత్రికి మిగిలి పారబోసినది, పాఠం మధ్యలో పిల్లలు ఆకలని లేచిన సార్లు. మా పుస్తకంలో మొదటి పక్షం తిరగేస్తే అన్ని రోజులూ పది నిమిషాలకు లోపే ఉన్నాయి, గురువారాలు మాత్రం నలభై, నలభై అయిదు. రొట్టెలు వేడిగా కావాలంటే భోజనానికి ముందే కాల్చాలి, పిండి పదకొండుకే కలపాలి, అందుకే అంత. గురువారం రొట్టెలను రాత్రికి మార్చి, మధ్యాహ్నానికి ముందు రోజు రాత్రి నానబెట్టిన పెసలతో కిచిడీ పెట్టాం. రెండో పక్షంలో ఆ గడిలో ఏడు నిమిషాలు అని పెద్దమ్మాయే రాసింది.